బెర్గెన్ పట్టణపు వానలు, అచ్చటి సేద్యము

రైతు సోదరులు సంఘ సమావేశములలో మమ్ములను తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "ఏటి వాన యెంతయో మీరు లెక్క చెప్పుదురు. ఆ లెక్క పెరిగిన కొలది పంటయు పెరుగవలయును గదా, మరి పెరుగదేమి?" అని. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఏటి వాన మొత్తము మాత్రము చెప్పి యూరకుండుట, ఇంటికి వచ్చిన ధాన్యము ఎన్ని బస్తాలో చెప్పి, అది యే నెలలో వచ్చినదో, ఎండి వచ్చినదో తడిసి వచ్చినదో చెప్పకుండుట వంటిది. ఈ సంగతి మన పొలములలో చూపుటకంటె, వానకు లోటన్నమాట యెరుగని ఒక దూరపు ఊరిలో చూపిన తేటగా తెలియునని మాకు తోచినది. అందుచేత ఈ నెల పాఠమునకు నార్వే దేశపు పడమటి తీరమున నున్న బెర్గెన్ పట్టణమును తీసికొంటిమి.

మన కోస్తా జిల్లాలలో ఏటికి పడు వాన సుమారు 1000 మిల్లీమీటరులు. బెర్గెనులో 1961 మొదలు 1990 వరకు ముప్పది యేండ్ల సగటు 2250 మిల్లీమీటరులు. ఇరువదియైదు మిల్లీమీటరులు ఒక అంగుళమని పెద్దలు లెక్కించుకొనిన, అది దాదాపు 90 అంగుళములు. మనకు రెట్టింపునకు మించిన వాన. అయినను అచ్చట వరి కంకి వేయదు. గోధుమ పండించుట కష్టము. పశువులకు గడ్డి కోసిన రైతు దానిని నేలపై ఎండబెట్టుకొనలేక తీగలపై ఆరవేయవలసి వచ్చెను. ఇది యెట్లు సంభవించెనో చూతము.

బెర్గెన్ భూమధ్యరేఖకు ఉత్తరముగా 60 డిగ్రీల పైచిల్లర అక్షాంశమున నున్నది. మన విజయవాడ పదునారున్నర డిగ్రీలలో నున్నదని జ్ఞాపకముంచుకొనవలయును. అట్లాంటికు సముద్రమునకు అవతలి ప్రక్కన దాదాపు అదే అక్షాంశమున గ్రీన్లాండు దీవి దక్షిణపు కొన యున్నది. అచ్చట మంచుగడ్డలు సముద్రముపై తేలుచుండును. బెర్గెన్ రేవులోనో, నడి చలికాలమునను నీరు గడ్డకట్టక పడవలు తిరుగుచుండును. జనవరి సగటు వేడిమి 1.3 డిగ్రీలు. అనగా మంచు కరగు మట్టునకు కొంచెము పైన. జూలై సగటు 14.3 డిగ్రీలు. చలికాలమునకును వేసవికిని నడుమ భేదము పదమూడు డిగ్రీలే.

మేము చదువుకొనిన పాఠశాల భూగోళమున దీనికి కారణము "గల్ఫు ప్రవాహము" అని ఒక్క మాటతో ముగించెడివారు. ఆ మాట అబద్ధము కాదు గాని సగమే నిజము. నైరుతినుండి ఈశాన్యమునకు వచ్చు వెచ్చని సముద్రపు నీరు నార్వే తీరమునొరసి పోవుట నిజమే. కాని ఆ నీటిపై తిరిగి, దాని వేడిని తేమను మోసికొని ఒడ్డునకు తెచ్చునది పడమటి గాలి. ఆ గాలి లేనిచో సముద్రపు వేడి సముద్రముననే యుండును. మరియు సముద్రము వేసవిలో ఎండను మెల్లగా పీల్చుకొని చలికాలమున మెల్లగా విడిచిపెట్టును. మట్టికుండలోని వేడినీరు రేకుగిన్నెలోని నీటికంటె ఆలస్యముగా చల్లారునట్లు, సముద్రపు ప్రక్క నేల నిదానముగా వేడెక్కి నిదానముగా చల్లబడును.

ఇక వాన సంగతి. తేమతో బరువెక్కిన ఆ పడమటి గాలి ఒడ్డు చేరగానే కొండలు ఎదురగును. బెర్గెన్ ప్రజలు తమ ఊరిని ఏడు కొండల ఊరని చెప్పుకొందురు. వానిలో ఎత్తైన ఉల్రికెన్ 643 మీటరులు. మన తిరుమల కొండకంటె ఎక్కువ యెత్తు కాదు. కాని సముద్రపుటొడ్డుననే లేచి నిలిచినందున గాలికి ప్రక్కకు పోవు దారి లేక పైకెక్కును. పైకెక్కిన గాలి చల్లబడును; చల్లబడిన గాలి తన తేమను మోయలేక విడుచును. వేడి అన్నపు గిన్నెపై చల్లని మూత పెట్టిన కొంతసేపటికి మూత లోపల నీటి బొట్లు దిగునట్లే యిదియు.

ఆ వానను నెలలవారీగా చూడుడు. పైని చెప్పిన ముప్పది యేండ్ల సగటు ప్రకారము మిక్కిలి తక్కువ వాన పడు నెల మే; 106 మిల్లీమీటరులు. మనకు రోహిణి కార్తెలో రోళ్లు పగులు కాలమునందే వారికిని కొంత తెరపి కలుగును. కాని వారి తెరపి యనగా మన కోస్తాలో ఒక మోస్తరు వాననెల. జూన్ 132, జూలై 148, ఆగస్టు 190. ఆ తరువాత సెప్టెంబరులో ఒక్కసారిగా 283. అదియే అన్నిటికంటె పెద్ద నెల. అక్టోబరు 271, నవంబరు 259, డిసెంబరు 235, జనవరి 190. మార్చి దాటువరకు నెలకు 150 మిల్లీమీటరులకు తగ్గదు. ఏప్రిలున 114. ఏడాదిలో వాన లేని ఋతువు అనునది లేదు.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలయును. మొత్తమున ఎక్కువ పడుచున్నదే గాని, ఒక్కొక్క దినమున పడునది అంత ఎక్కువ కాదు. మన కోస్తాలో ఏడాదికి సుమారు 50 దినములే గట్టి వాన దినములు. ఒక్క తుపాను వచ్చిన రాత్రి 200 మిల్లీమీటరులు పడుట మన పెద్దలెరుగుదురు. బెర్గెనులోనో ఏటికి 200 దినములకు మించి వాన యుండును. దినమునకు సగటున పది పన్నెండు మిల్లీమీటరులు. జల్లు, తుంపర, ముసురు. గొడుగు పట్టుకొని పనికి పోవచ్చును, పని మానవలసిన యవసరముండదు. 2006 అక్టోబరు చివర మొదలైన వాన 2007 జనవరి 21వ తేదీ వరకు, వరుసగా 85 దినములు, ఒక్క దినమైనను విడువక కురిసెనని లెక్క వ్రాసికొనిరి. ఆ ఊరివారు తమ వానను గూర్చి తామే నవ్వుకొందురు. పొరుగూరివాడు వీథిలోని పిల్లవానిని "ఇచ్చట ఎల్లప్పుడును వానయేనా?" అని యడుగగా, "తెలియదండీ, నాకింకను పన్నెండేండ్లే" అని వాడు చెప్పెనట.

ఇంత తడి గల పట్టణము 1702 లోను 1916 లోను పెద్ద అగ్నిప్రమాదములలో కాలిపోయెననిన నమ్ముట కష్టము. ఇండ్లు కొయ్యవి, గాలి బలమైనది, నిప్పు పట్టిన రాత్రి వాన పడలేదు. ఏటి మొత్తము ఆ రాత్రికి పనికిరాలేదు.

పగటి పొడవును కూడ చెప్పక తప్పదు. జూన్ నడుమ అచ్చట పగలు 19 గంటలు. రాత్రి పదకొండు గంటలకు ప్రొద్దు క్రుంకును, నాలుగు గంటలకు మరల పొడుచును. డిసెంబరు నడుమ పగలు ఆరు గంటలకైనను లోపము. కావున వేసవిలో గడ్డికి వెలుతురు కావలసినంత. వేడి మాత్రము తక్కువ. వరి ఈనుకాలమున రాత్రులు చల్లనైనచో గింజ కట్టదని మనము ఎరుగుదుము. సగటున 14 డిగ్రీల జూలైలో వరికి చోటెక్కడిది? 2019 జూలై చివర బెర్గెనులో 33 డిగ్రీలు దాటినది. అది ఆ ఊరిలో ఎన్నడును లేని వేడిమి. మన చైత్రమాసపు ఉదయములను తలచుకొని నవ్వవద్దు. అచ్చటి యిండ్లు చలిని ఆపుటకు కట్టినవి, వేడిని వెళ్లగొట్టుటకు కావు.

ఇట్టి నేలలో ధాన్యమునకు కొరతయే. వెనుకటి కాలమున ఓట్లు, బార్లీ కొలదిగా పండించుచుండిరి. తడికి ఓర్చుకొనునది ఓట్లు. కోసిన పనలను నేలపై పరచక గుంజలకు గ్రుచ్చి నిలబెట్టి ఆరబెట్టుచుండిరి. అదియు చాలక, ఉత్తరమున లోఫోటెన్ దీవులలో చలిగాలికి ఎండిన చేపలను బెర్గెన్ వర్తకులు కొని, జర్మను దేశపు రేవులకు పంపి, బదులుగా ధాన్యమును తెప్పించుకొనిరి. హాన్సా యను జర్మను వర్తక కూటమివారు పదునాలుగవ శతాబ్దము మొదలు నాలుగు వందల యేండ్లు ఆ రేవులో కొట్లు పెట్టుకొనియుండిరి. వారి కొయ్య మేడల వరుస 1702 నాటి మంటల తరువాత మరల కట్టబడి నేటికిని నిలిచియున్నది. చూడవచ్చు యాత్రికులు ఆ మేడల రంగులను మెచ్చుకొందురు. రైతు కన్నులతో చూచిన, ధాన్యము పండని నేల కట్టించిన మేడలవి. తరువాత పదునెనిమిదవ శతాబ్దమున బంగాళాదుంప వచ్చెను. నార్వే పల్లెలలో దానిని నాటించినవారిలో పాద్రీలు ముఖ్యులు. చర్చి ప్రక్కన తామే నాటి చూపి, జనులకు ఒప్పించినందున వారికి "బంగాళాదుంప పాద్రీలు" అని పేరు వచ్చినది. చూపి నేర్పు మా ఉద్యోగమునకు వారు పూర్వికులని మేము తలంతుము.

ఎక్కువ వాన చేయు మరియొక చేటు కంటికి కనబడదు. ఆ చల్లదనమున ఆవిరియై పోవునది కొంచెమే. మిగిలిన నీరు నేలలోనికి ఇంకి, సున్నమును పొటాషును కడుగుకొని ఏరులలోనికి పోవును. వేలయేండ్లు ఇట్లు కడుగబడిన నేల పుల్లబారును. పల్లపు చోట్ల నీరు నిలిచి, కుళ్లని నాచు పేరుకొని, నల్లని మెత్తని నేల యేర్పడును. దానిలో కాలు దిగబడును గాని గింజ మొలవదు. బెర్గెన్ చుట్టుపట్ల రైతు మొట్టమొదట చేయు పని నీరు పెట్టుట కాదు, నీరు తీయుట. పొలమున లోతుగా కాలువలు త్రవ్వి నీటిని వెడలించును. తరువాత సున్నము చల్లును. ఒడ్డుననున్నవారు సముద్రమునుండి గుల్ల యిసుకను తీసి చల్లుచుండిరి. మనవారు గుల్లలు కాల్చి సున్నము చేయుదురు. వారు గుల్లల పొడినే నేలకు వేసిరి. సముద్రపు పాచిని కూడ ఎరువుగా మోసికొని వచ్చుచుండిరి.

కావున అచ్చట నిజమైన పంట గడ్డి. పశువులు, గొఱ్ఱెలు, మేకలు వారి సంపద. అక్టోబరు మొదలు మే వరకు ఆవులను కొట్టములలో కట్టి మేపవలయును. ఏడెనిమిది నెలల మేత రెండు మూడు నెలలలో సంపాదింపవలయును. మొదటి కోత జూన్ నడుమనుండి జూలై మొదటి వారములలో, రెండవది ఆగస్టున. అప్పటికే వాన ముదురుచుండును. గడ్డి కుళ్లినచో ఫాల్గుణ చైత్రముల నాటికి కొట్టము వట్టిది. వెనుకటి తరములలో చలికాలపు చివర ఆవులు ఎముకలు తేలి, లేవలేక, పచ్చికకు వాటిని చేతులతో లేవనెత్తి కొనిపోవలసి వచ్చెడిది. చెట్ల ఆకు కొమ్మలు నరికి ఎండబెట్టి మేపిరి. తీరమున చేపల తలలను పాచిని ఉడికించి పెట్టిరి. మనము కరవు యేట తుమ్మ కొమ్మలు విరిచినట్లే. అది నీరు లేక వచ్చిన కరవు, యిది నీరెక్కువై వచ్చిన కరవు. పశువునకు రెండును ఒకటే.

దీనికి వారు కనుగొన్న యుపాయమును కొంచెము వివరముగా చెప్పుదుము. ఏలయన ముసురులో చొప్ప, పిల్లిపెసర, జనుము మేత పాడుచేసికొను మన రైతులు దీనిని చూడవలసియున్నది. పొలమున వరుసగా గుంజలు పాతుదురు. గుంజనుండి గుంజకు నేలకు కొంచెము ఎత్తున మొదటి తీగ లాగి, కోసిన పచ్చిగడ్డిని దానిపై వంచి వేయుదురు. దానిపైన రెండవ తీగ, మరల గడ్డి. ఇట్లు మనిషి ఎత్తు వచ్చువరకు నాలుగైదు తీగలు. వెనుక తీగలకు బదులు సన్నని వాసములుండెడివి. చూడ గడ్డితో కట్టిన దడి వలె నుండును. మీదివరుస గడ్డి పోచలు క్రిందికి వ్రాలి, తాటియాకుల కప్పు వలె వానను జార్చును. లోపలి గడ్డికి ప్రక్కలనుండి గాలి తగులును. ఎండ లేకున్నను గాలికి ఆరును. వాన పడుచుండగనే గడ్డి ఎండుచున్నదనిన మనకు వింతగా తోచును గాని, ఎండబెట్టునది ఎండ మాత్రమే కాదు, గాలియు నని దీనివలన తెలియుచున్నది. వారము పది దినములకో, వాన విడువకున్న ఇంకను ఆలస్యముగానో దింపి సావిడిలో చేర్చుదురు. కూలి మాత్రము విపరీతము. కుటుంబమంతయు చేయి కలుపనిది కాదు.

ఆ కూలికి వెరచియే వారు తరువాత పాతర గడ్డికి మరలిరి. ఫిన్లాండు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు విర్టానెన్ పచ్చిగడ్డిపై ఆమ్లము చల్లి పాతర వేయు పద్ధతిని 1920 దశకము చివర కనిపెట్టి, 1945లో నోబెలు బహుమానము పొందెను. పులుపు త్వరగా కలిగినచో కుళ్లు పుట్టించు క్రిములు పెరుగజాలవు. గాలి చొరకుండ త్రొక్కుట ముఖ్యము. నేడు నార్వేలో గడ్డిని ప్లాస్టికు పొరలలో గుండ్రముగా చుట్టి పొలమునందే యుంచుదురు. తీగల దడులు వేయువారు మిక్కిలి అరుదు. మన దేశమునను పాతర గడ్డిని జొన్న మొక్కజొన్నలతో వేయుచున్నారు. వానకాలపు పచ్చిగడ్డిని కూడ అట్లు నిలువ చేయవచ్చునని మేము అనేక పర్యాయములు చెప్పియున్నాము.

చలికాలము మెత్తగా నుండుటవలన ఒక లాభము కూడ కలదు. బెర్గెనునకు ఉత్తరముననున్న లిగ్రా వంటి దీవులలో పొట్టి జాతి గొఱ్ఱెలు చలికాలమంతయు ఆరుబయటనే మేసి బ్రతుకును. కొండలపై పెరుగు హెదరు అను పొదలు ఎల్లప్పుడు పచ్చగానుండును. పొదలు ముదిరి కొయ్యబారినపుడు రైతులు కొంచెము కొంచెముగా కాల్చి లేత చిగురు తెప్పింతురు. ఊరికే తగులబెట్టుట కాదు. వంతుల ప్రకారము, గాలి చూచి, నేల తడిగానున్నప్పుడు.

ఇప్పుడు కొండల ఆవలి ప్రక్కకు పోదము. పాఠములో ముఖ్యభాగము ఇదియే. పడమటి గాలి తేమనంతయు ఈవలి వాలున విడిచి, కొండలు దాటి దిగునప్పుడు మరల వేడెక్కి పొడిబారును. బెర్గెనునకు తూర్పుగా హార్డాంగెర్ అను చోట, కొండల నడుమ చొచ్చుకొనివచ్చిన సముద్రపు పాయ యొడ్డున, ఆపిలు, ప్లము, చెర్రీ తోటలున్నవి. వాన తక్కువ, పాయలోని నీరు వెచ్చదనమిచ్చును. అచ్చటను పండుకాలమున వాన పడినచో చెర్రీలు పగులును గనుక చెట్లపై ప్లాస్టికు కప్పులు వేయుదురు. ఇంకను లోనికి, బెర్గెనునుండి సుమారు 140 కిలోమీటరుల దూరమున లేర్డాల్ లోయ కలదు. అచ్చట ఏటి వాన 500 మిల్లీమీటరుల ప్రాంతమే. మన అనంతపురమునకు ఇంచుమించు సమానము. 2250 మిల్లీమీటరుల ఊరివాడు నీరు తీయుటకు కాలువ త్రవ్వుచుండగా, ఒక దినపు ప్రయాణములో నున్న లేర్డాల్ రైతు బంగాళాదుంపకు నీరు పెట్టుచున్నాడు. "పడమటి నార్వేలో వాన యెక్కువ" అని విని లేర్డాలులో విత్తనము వేసినవాని గతి యేమి? జిల్లా సగటు విని మన ఊరికి అన్వయించుకొనుట యును అట్టిదే. కొండకు ఈవల ఆవల, ఏటికి ఎగువ దిగువ, వాన మారును.

నేల గట్టిగానున్నంతవరకు ముసురు వాన మెల్లగా పోవును. గట్టి వాన వచ్చిన కొండ వాలులు నిలువవు. 2005 సెప్టెంబరు 14వ తేదీన బెర్గెనులో ఒక్క దినమున 156.5 మిల్లీమీటరులు పడినది. అది అచ్చటి కొలతలలో అన్నిటికంటె పెద్దది. కొండచరియ జారి ఇండ్లపై పడి ప్రాణనష్టము కలిగినది. మనకు అంత వాన తుపానులో కొత్త కాదు. కాని ప్రతి నేలయు తాను అలవాటుపడిన వానకే తట్టుకొనును. 1991 మొదలు 2020 వరకు చూచిన ముప్పది యేండ్ల సగటు దాదాపు 2500 మిల్లీమీటరులకు పెరిగినది. గాలి వేడెక్కిన కొలది ఎక్కువ తేమను మోయగలుగుట దీనికి ఒక కారణము.

గడ్డి కోయవలయునా, రెండు దినములు ఆగవలయునా అను ప్రశ్న ఇట్టి దేశమున ప్రాణముతో సమానమైనది. దానికి జవాబు వెదకుచు బెర్గెన్ లోకమునకొక విద్య నిచ్చినది. విల్హెల్మ్ బియెర్క్‌నెస్ అను పండితుడు 1917లో జర్మనీలోని లైప్జిగునుండి బెర్గెనునకు వచ్చెను. మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండెను. నార్వే యుద్ధమున చేరలేదు గాని ధాన్యపు దిగుమతి సన్నగిల్లెను. వాతావరణపు తంతివార్తలను బ్రిటను యుద్ధరహస్యములుగా దాచెను. పడమటనుండి వచ్చు గాలివాన సంగతి ముందు తెలియు దారి మూసికొనిపోయెను. అప్పుడు బియెర్క్‌నెస్ వార్త బయటినుండి రానిచో ఒడ్డుననే కన్నులు పెట్టుదమని తలచెను. తీరము పొడుగున దీపస్తంభముల కావలివారిని, జాలరులను, రైతులను పరిశీలకులుగా కూర్చి, పరిశీలన స్థానములను అనేక రెట్లు పెంచెను. 1918 వేసవిలో కోతల కాలమున పడమటి నార్వే రైతులకు వాన సూచనలు పంపుట మొదలుపెట్టెను. ఆయన కుమారుడు యాకోబునకు అప్పటికి ఇరువదేండ్లు.

దగ్గర దగ్గరగా నున్న ఆ పరిశీలనలను పటముపై గుర్తించి చూడగా, వెనుక ఎవరికిని కనబడని సంగతి కనబడెను. అచ్చటి గాలివానలు మన తుపానుల వంటివి కావు. వెచ్చని గాలియు చల్లని గాలియు కలియు గీతలవెంట పుట్టునవి. వెచ్చని గాలి ముందు వచ్చునప్పుడు మొదట పల్చని ఎత్తు మబ్బులు, పిదప మబ్బు దిగి, గంటల తరబడి ముసురు. తరువాత చల్లని గాలి వెనుకనుండి త్రోసికొని వచ్చును. గాలి దిక్కు మారును, గట్టి జల్లు పడును, ఆకాశము విచ్చును. యుద్ధమున సేనలు ఎదురుబొదురుగా నిలుచు వరుసకు ఫ్రంటు అని పేరు గదా. 1919లో ఆ మాటనే ఈ గీతలకు పెట్టిరి. నేటికిని లోకమంతట వాతావరణ పటములపై ఆ గీతలు గీయుచున్నారు. లెక్కలు పండితులవే గాని, ఏ గడియకు గాలి మారెనో వ్రాసి పంపినవారిలో దీపపు కావలివారును రైతులును కలరని మన సంఘ సభ్యులు గుర్తింపవలయును. మన సంఘపు కార్యాలయమున వర్షమాపకము పెట్టి ప్రతి దినము ఉదయము ఒకే గంటకు చూచి వ్రాయుటకు మేము పట్టుపట్టుచున్నది ఇందుకే. రెండు దినములు మరచి మూడవ దినమున అంచనాగా వేసిన అంకెకంటె ఖాళీ గడి మేలు.

బెర్గెనునకును మనకును నిజమైన సంబంధమొకటి ఇచ్చటనుండియే బయలుదేరినది. 1904 మొదలు 1924 వరకు భారతదేశపు వాతావరణ శాఖకు అధిపతిగా నుండిన గిల్బర్టు వాకర్, మన ఋతుపవనములు ఏయేట తప్పునో ముందుగా చెప్పు మార్గము వెదకుచు, లోకపు వివిధ స్థలముల గాలి యొత్తిడి లెక్కలను పోల్చెను. పసిఫిక్కు సముద్రముపై ఒత్తిడి తగ్గినపుడు హిందూ సముద్రపు వైపున హెచ్చుచున్నదని, త్రాసు తట్టల వలె ఇవి మారుచున్నవని కనుగొనెను. కారణము మాత్రము తేలలేదు. బెర్గెనులో గడ్డికోత సూచనలతో విద్య ప్రారంభించిన యాకోబ్ బియెర్క్‌నెస్, తరువాత అమెరికా చేరి, 1960 దశకమున ఆ కారణమును విప్పి చెప్పెను. పసిఫిక్కు తూర్పుభాగపు నీరు వేడెక్కినచో తూర్పునుండి పడమటికి వీచు వ్యాపారపవనములు బలహీనపడును. అవి బలహీనపడినకొలది ఆ నీరు ఇంకను వేడెక్కును. ఆ గాలి సుడికి ఆయన 1969లో వాకర్ పేరే పెట్టెను. మనము నేడు వార్తలలో వినుచున్న ఎల్ నీనో అనునది ఆ నీరు వేడెక్కు కాలమే.

అట్టి యేడులలో మన నైరుతి వానలు తగ్గుట తరచు. 2002, 2009 అట్టి కరవు సంవత్సరములు. కాని 1997లో పసిఫిక్కు మిక్కిలిగా వేడెక్కినను దేశపు వాన సగటుకు తగ్గలేదు. కాబట్టి ఆ పేరు వినగానే నారు పోయుట మానుట తగదు. సగటున దేశమునకు చెప్పిన మాట మన ఊరికి ఎంతవరకు చెల్లునో లేర్డాలును తలచుకొనిన తెలియును. మేము అట్టి సూచన గల యేట చేయునది ఇంతే: దీర్ఘకాలపు వరి విత్తనముతో పాటు స్వల్పకాలపు విత్తనము కొంత కట్టి వేరుగా నుంచుకొందుము. పుష్యమి కార్తె దాటినను చెరువునకు నీరు రాక నారు ముదిరిపోయినచో, అప్పుడు మూట విప్పుదుము.